పడవకు విశ్రాంతి

మంచు కురియని దేశమున మంచుకాలపు జాగ్రత్త లెందులకని చదువరులు నన్నడుగవచ్చును. కొన్ని యేండ్ల క్రిందట నేనును ఆ ప్రశ్ననే వేసికొంటిని. వేసికొని, నవ్వి, ఊరకుంటిని. ఆ నవ్వు కడపట నన్నే నవ్వులపాలు చేసినది. ఆ కథ చెప్పుకొనుటకు నాకు సిగ్గుగానే యున్నది. అయినను నావంటి చదువుకొన్నవారికి అది కొంత ఉపయోగించునను ఆశతో వ్రాయుచున్నాను.

మాది అప్పనపల్లి, వైనతేయగోదావరి యొడ్డున కొబ్బరితోటల నడుమనున్న చిన్న గ్రామము. గోదావరి ధవళేశ్వరము దాటిన పిమ్మట గౌతమి యనియు వసిష్ఠ యనియు చీలుచున్నది. ఆ వసిష్ఠనుండి విడివడిన పాయకే వైనతేయ మని పేరు. వినతకొడుకగు గరుత్మంతుని పేరు గల నదియొడ్డున బాలబాలాజీ ఆలయము వెలయుటచే స్వామియు వాహనమును ఒక్కచోటికి చేరినారని మా యూరివారు మురియుచుందురు. సముద్రము మాకు దూరము గాదు. వేసవిలో ఎగువనుండి వచ్చు నీరు తగ్గగానే పోటుతోపాటు ఉప్పునీరు నదిలోనికి ఎగదన్నును. ఆషాఢ శ్రావణములలో ఎఱ్ఱనీరు దిగివచ్చి ఆ యుప్పును కడిగి కడలికి మరల్చును. ఏటేట ఈ రెండు నీళ్లును మా గుమ్మముల ముందు ఒకదాని తరువాత ఒకటి కాపురము చేయుచుండును.

నేను బడిపంతులను. చిన్ననాట సంస్కృతమును, పిమ్మట ఆంగ్లమును చదువుకొంటిని. ఈ రెండు భాషలలోను తెలియనిది లోకమున అంతగా ఉండదని నాకొక నమ్మకము. తెలియవలసిన మూడవ విద్య యొకటి కలదని ఎఱుగుటకు నాకు నలువది యేండ్లు దాటవలసివచ్చినది.

నా బావమరది అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. అది వేలకొలది సరస్సులు గల సీమ. అచటి కుటుంబములు వేసవిలో చిన్నచిన్న మోటారుపడవల మీద విహరించుట పరిపాటి. ఆ యలవాటు చొప్పున అతడు, సంక్రాంతికి వచ్చినపుడు పిల్లలను నదిమీద త్రిప్పుటకని ఫైబరుతో చేసిన చిన్నపడవ నొకదానిని, దాని వెనుక తగిలించు పెట్రోలు ఇంజనుతో సహా కొని మా యింట నుంచెను. ఏటికి పదునైదు దినములు అది పడవ. తక్కిన దినములన్నియు అది మా పెరటిలోని సామాను.

2022వ సంవత్సరపు సంక్రాంతి వెళ్లి అతడు తిరుగు ప్రయాణమగుచు నాచేతికొక చిన్న ఆంగ్లపుస్తక మిచ్చెను. “బావగారూ, పడవను ఊరికే వదిలేయకండి. ఇందులో ఉన్నట్టు చేసి కట్టిపెట్టించండి” అని మరిమరి చెప్పెను. ఆ పుస్తకము శీతకాలమున పడవలను భద్రపఱచు విధానమును గూర్చినది. మొదటి పుటలోనే మంచు. నీరు గడ్డకట్టునపుడు సుమారు నూటికి 9 పాళ్లు ఉబ్బుననియు, ఇంజనులోపల నిలిచిన నీరు ఆ విధముగా ఉబ్బి ఇనుమును సైతము పగులగొట్టుననియు, కాబట్టి నీరంతయు తీసివేసి గడ్డకట్టని ద్రవమును నింపవలెననియు అందు వ్రాసియుండెను. నేనంతటితో పుస్తకమును మూసితిని. పుష్యమాసమున తెల్లవారుజామున మరియొక దుప్పటి కప్పుకొనుటయే మా యూరి శీతకాలము! ఆ సాయంత్రము అరుగు మీద చేరిన మిత్రులకు ఆ పుస్తకమును చూపి, “ఇక మన కొబ్బరిచెట్లకు కంబళ్లు కప్పవలెను కాబోలు” నంటిని. అందరును నవ్విరి. ఆ నవ్వు నాకు పాండిత్యమునకు దొరికిన బహుమానముగా తోచినది.

పడవను కొబ్బరిచెట్ల క్రిందికి లాగించి పైన టార్పాలిను బిగించి కట్టించితిని. తొట్టిలో సగము పెట్రోలు మిగిలియుండెను. కొన్న వస్తువును పాఱబోయుట ఎందులకని అట్లే యుంచితిని. ఇంజనును కడుగనైనను లేదు. నీటిలో తిరుగునదానికి మరల నీటితో స్నానమేమి యని నా తర్కము.

ఆ సంవత్సరము జూలై 10వ తేదీన తొలియేకాదశి. వారము తిరుగలేదు, గోదావరి పొంగినది. 16వ తేదీన భద్రాచలము వద్ద నీటిమట్టము 71.3 అడుగుల కెక్కినది. ధవళేశ్వరము వద్ద 17 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మూడవ ప్రమాదసూచిక యెగురవేయుట వాడుక. ఆ దినములలో ప్రవాహము 25 లక్షలకు మించినది. 1986వ సంవత్సరపు వరదను చూచిన పెద్దలు దానితో దీనిని పోల్చి చెప్పుకొనసాగిరి. కోనసీమలోని లంకలు మునిగినవి. మా కాజ్‌వే కనబడకుండ పోయినది. మా వీధిలో మోకాటిబంటి నీరు, దిగువనున్న తోటలలో నిలువులోతు నీరు.

ఆ రాత్రి మా ప్రక్కయింటి పెద్దమ్మకు ఆయాసము ముదిరినది. ఆమె నన్ను ఎత్తుకొని పెంచినది. సహాయపు పడవలు ఇతర లంకలలో నుండెను. ఆమె కుమారుడు లాంతరు పట్టుకొని మా గుమ్మములోనికి వచ్చి, “మాస్టారూ, మీ ఇంజను పడవ ఉంది కదండీ” అనెను. ఆ మాట విన్నంతనే నాకు కొంత గర్వముకూడ కలిగినదని దాచక చెప్పుచున్నాను. ఇంతకాలమునకు ఆ విలాసవస్తువు సత్కార్యమునకు పనికివచ్చుచున్నది గదా యని సంతసించితిని.

పెద్దమ్మను పరుపుతో సహా పడవలో పరుండబెట్టితిమి. త్రాడు లాగితిని, ఇంజను పలుకలేదు. ఇరువది మారులు లాగిన పిమ్మట దగ్గి, పొగ గ్రక్కి, కదలినది. రెండు తోటలు దాటునప్పటికి గుటక వేసినట్లు చప్పుడు చేసి ఆగిపోయినది. ఎంత లాగినను మరల పలుకలేదు. ప్రవాహము పడవను ఏటిలోనికి ఈడ్చుకొనిపోవుచుండెను. ఒక కొబ్బరిచెట్టు మొదలు చేతికి దొరకుటచే నేనును ఆమె కుమారుడును దానిని కౌగిలించుకొని నిలిచితిమి. సంస్కృతమును ఆంగ్లమును నేర్చిన నా నోట నప్పుడు వచ్చినది పిల్లవాని కేక మాత్రమే.

ఆ కేక విని వచ్చినవాడు సరంగు తాత. వంతెనలు పడకపూర్వము వైనతేయపు రేవులలో పంటు నడిపినవాడు. డెబ్బది దాటినవి. గెడ వేసికొనుచు తన పాత నావతో వచ్చి, మా పడవను దానికి కట్టి, చెట్టునుండి చెట్టునకు నడిపించుకొనుచు గట్టు చేర్చెను. ఇంజనుతో పావుగంట పట్టవలసిన దారికి గంటకు పైగా పట్టినది. అంతసేపును పెద్దమ్మ శ్వాస నాకు వినబడుచునే యుండెను. గట్టుమీద వాహనము దొరకినది, ఆసుపత్రికి చేరితిమి, ఆమె బ్రతికినది. తరువాత నేను క్షమాపణ చెప్పబోగా, “పడవ చెడిపోతే నువ్వేం చేస్తావు నాయనా” అని నన్నే యోదార్చినది. పడవ తనంతట చెడిపోలేదని చెప్పుటకు నాకు నోరు రాలేదు.

వరద తీసిన వారమునకు తాత మా పెరటికి వచ్చి ఇంజను విప్పెను. నేను ప్రక్కను నిలిచి చూచుచుంటిని. “అలా నిలబడితే ఏం తెలుత్తదండీ మాస్టారూ? ఇలా కూకోండి, ఈ మర మీరే విప్పండి” అనెను. మా తల్లి వసారానుండి, “పంతులు చేతులకు ఆ జిడ్డు ఏమిట్రా” అని మందలించెను. కూర్చుంటిని.

మొదట పెట్రోలు తొట్టిని గాజుసీసాలోనికి వంచితిమి. అడుగున నీటిపొర వేరుగా తేలినది. ఆ యేడు మన దేశపు పెట్రోలులో నూటికి 10 పాళ్ల ఇథనాలు కలియుచుండెను. 2025 నాటికి అది 20 పాళ్లయినది. ఇథనాలు గాలిలోని తేమను త్రాగును. త్రాగగలిగినంత త్రాగి, పిమ్మట నీటితో కూడి పెట్రోలునుండి విడివడి అడుగునకు దిగును. ఇంజనుకు పెట్రోలు నందించు గొట్టము పీల్చుకొనునది ఆ యడుగునుండియే. తరువాత కార్బొరేటరు గిన్నె విప్పితిమి. నెలల తరబడి నిలిచిన పెట్రోలు ఎగిరిపోగా మిగిలిన మడ్డి బంకవలె అంటుకొని, సూదిమొన పట్టనంతటి రంధ్రమును మూసివేసినది. ఇంజనును చల్లబఱచుటకు నదినీరు ప్రవహించు దారులలో ఉప్పు గట్టి తెల్లని పెచ్చులుగా నిలిచినది. ఆ నీటిని తోడు రబ్బరు రెక్కలు ఒకవైపునకు వంగి అట్లే బిగిసిపోయి, రెండు విరిగియున్నవి. క్రిందిభాగమున పండ్లచక్రములకు పోసిన నూనె పాలవలె తెల్లబడియున్నది. సీలు అరిగి నీరు లోపల జొరబడినదని దాని యర్థము. టార్పాలిను క్రింద ఎలుకలు కాపురముండి ప్రాణరక్షక జాకెట్లను చించి గూళ్లు కట్టుకొన్నవి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో విహారపు బోటు మునిగి అనేకులు మరణించినపుడు, జాకెట్టు ప్రాధాన్యమును గూర్చి నేనే బడిలో ఉపన్యసించియుంటిని. నా జాకెట్లు ఎలుకలకు పురిటిగదు లైనవి.

తాత ఒక్కటొక్కటియే చూపుచు పోయెను గాని నన్ను నిందింపలేదు. తుదకు మాత్రము, “నడిచే పడవ అంత తొందరగా చెడదండీ. కూకున్న పడవే చెడిపోద్ది” అనెను.

ఆ రాత్రి నేను ఆంగ్లపుస్తకమును మరల తెఱచి, మూసినచోటినుండి తుదివరకు చదివితిని. అందు పండ్రెండు సూచనలు కలవు. వానిలో మంచును గూర్చినవి రెండు మాత్రమే. తక్కిన పదియు నిలిచిన పెట్రోలు, ఉప్పు, తేమ, బిగిసిన రబ్బరు, చెడిన నూనె, ఎలుకలు, గాలి తగులని కప్పు, వీనిని గూర్చినవి. పగటి వేళ తాత చేతులు నాకు చూపిన లోపములన్నియు ఆ పుటలలో వరుసగా నుండెను. మంచు పడని చోట్లను ఈ పది పనులును విడువరాదని కడపటి పుటలో స్పష్టముగా హెచ్చరించియున్నారు. నేను మొదటి పుట చదివి నవ్వితిని. ఆ కడపటి పుట పెద్దమ్మ ఆయాసమునకు ముందు చదువవలసినది.

ఆలోచించినకొలది నాకొకటి తోచినది. చలిదేశమువానికి మంచు కఠినుడైన గురువు. ఒక్కరాత్రి ఏమఱినచో ఇనుము పగులును. కాబట్టి అచటివాడు జాగ్రత్తపడక తప్పదు. మన గాలి మెత్తనిది. అది ఒక్కరాత్రిలో దేనిని పగులగొట్టదు. ఆఱునెలలు పట్టి నెమ్మదిగా తినివేయును. శిక్ష ఆలస్యముగా వచ్చుటచే తప్పు చేసినట్లే మనకు తోచదు. తుదకు శిక్ష వచ్చిన దినమున దానికి విధి యని పేరు పెట్టి చేతులు దులుపుకొందుము. ఆ రాత్రి కొబ్బరిచెట్టును కౌగిలించుకొని నేనును విధినే తిట్టితిని.

ఇది మన పెద్ద లెఱుగని విద్యయు గాదు. తూర్పుతీరపు రేవులను తుపానుల కాలమున ఓడలు విడిచిపోవుట పూర్వపు వాడుక. కాకినాడ దాపుననున్న కోరంగి, 18, 19వ శతాబ్దములలో ఓడలు కట్టుటకును బాగుచేయుటకును పేరు పొందిన రేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దానిని తుడిచిపెట్టినది. మంచు మొగము చూడని ఆ రేవున, పనిలేని నెలలలో ఓడను గట్టెక్కించి, సందులలో నార కూరి, గుగ్గిలము పట్టించు చేతు లుండెను. మా తాత నావ నేటికిని అట్లే బ్రతుకుచున్నది. ఆ విద్య గ్రంథములలో లేదు గనుక, అది చేయువారు మన అరుగులమీద కూర్చుండరు గనుక, మనము దానిని విద్యగా లెక్కింపలేదు.

దసరాకు మనము ఆయుధపూజ చేయుదుము. ఇంజనుకు పసుపు పూసి కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టుదుము. నేనును మా పడవకు కట్టితిని. పూజను నేను నిందింపను. పనిముట్టును తల్లివలె చూడుమనుటలో గొప్ప సంస్కారము కలదు. కాని తల్లికి ఏటికొక దినము దండము పెట్టి తక్కిన దినములు అన్నము పెట్టనివాని భక్తి యెట్టిది? పసుపు పూయుటకు ముందు ఉప్పు కడుగవలెను.

నేడు మా పడవకు విశ్రాంతికాలము మాఘమాసమున మొదలగును. సంక్రాంతి విహారము ముగిసిన వెంటనే నేనును తాతయు ఒక ఆదివారమంతయు దానికి వెచ్చింతుము. పెద్ద డ్రమ్ములో మంచినీరు నింపి, నీటిని పీల్చు రంధ్రములు మునుగునట్లు ఇంజనును అందు దింపి పావుగంట నడపుదుము. లోపలి యుప్పు కడుగుకొనిపోవును. నడచుచుండగనే పెట్రోలు గొట్టమును ఊడదీయుదుము. గిన్నెలోనున్న పెట్రోలు తుదిబొట్టువరకు కాలి ఇంజను తనంత నాగును. బంక కట్టుటకు లోపల నేమియు మిగులదు. తొట్టిలోని పెట్రోలును పొయ్యికి దూరముగా తీసి, చెడకమునుపే వాడుకొనువారి కిత్తుము. ప్లగ్గులు విప్పి ఆ రంధ్రములలో కొలదిగా నూనె పోసి త్రాడును మెల్లగా రెండుమూడు మారులు లాగుదుము. లోపలి గోడలకు పలుచని నూనెపొర పట్టి తుప్పు చేరదు. క్రిందిభాగపు నూనె మార్చి, తీసిన నూనెను డబ్బాలో పట్టుదుము. అది నదిలో పోయకూడదని తాతకు నేను చెప్పినప్పుడు, “ఆయ్, ఈ మాట మాత్రం మీ పుస్తకమే ముందు సెప్పిందండి” అని ఒప్పుకొనెను. నాకు దక్కిన గెలుపు అదియొక్కటియే.

పిమ్మట ఇంజనును నిలువుగా నిలుపుదుము. పండబెట్టినచో లోపలి నీరు దిగదు. పడవ అడుగున బిరడా తీసి, ముందుభాగము ఎత్తుగా నుండునట్లు దుంగలపై నిలుపుదుము. కొబ్బరిచెట్ల క్రింద నుంచము. మట్టయో కాయయో పడినచో ఫైబరు బీటవాఱును. కప్పునకు క్రింద గాలి ఆడునట్లు వెదురుబద్దలు వంచి కట్టుదుము. జాకెట్లు ఎండలో ఆఱవేసి ఇంటిలోపల దండెమున వ్రేలాడదీయుదుము. ఇవన్నియు చేయుటకు పట్టునది ఒక్కపూట. వీనిలో నా సంస్కృతముగాని ఆంగ్లముగాని చేయలేని పని యొక్కటియు లేదు. చేతులకు జిడ్డంటుటకు మనసొప్పవలెను, అంతియే.

గడచిన రెండేండ్లనుండి ఆ ఆదివారమున నా శిష్యులు కొందరు వచ్చి చూచుచున్నారు. నీరు, ఉప్పు, ఇనుము, తుప్పు అను పాఠమును నేను నల్లబల్లమీద ఎన్నోమారులు చెప్పితిని. తాత వారిచేత మర విప్పించి తుప్పును గోటితో గీకించుచు చెప్పును. తరగతిలో వెనుకబల్లమీద కూర్చుండి నోరు మెదపని పడవవారి కుఱ్ఱవాడు అచట అందరికంటె ముందు నిలిచి, మొదటిమార్కుల వానికి మర త్రిప్పు విధము నేర్పుచున్నాడు. ఇన్నాళ్లు వానికి చదువు రాదని నేను వ్రాసిన వ్రాతలు నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినవి. పడవ నొక్కదానినే గాదు, ఉపయోగింపక నిలువబెట్టి మనము తుప్పుపట్టించినవి చాల కలవని తలవంచుకొంటిని.

తొలియేకాదశినాడు విష్ణుమూర్తి పాలకడలిలో శయనించునని మనవారి నమ్మకము. యతులు ఆనాటినుండి నాలుగునెలలు ఒకేచోట నిలిచి చాతుర్మాస్యవ్రతము చేయుదురు. వానకాలపు విశ్రాంతిని సైతము నియమము గలదానిగా చేసిన జాతి మనది. మా పడవ లెక్క మాత్రము తలక్రిందులు. స్వామి నిద్రించు దినముననే అది మేల్కాంచవలెను, ఏలయన ఎఱ్ఱనీరు వచ్చునది ఆ పిమ్మటనే.

2023లో తొలియేకాదశి ఉదయమున పడవను రేవునకు దింపితిమి. పెద్దమ్మ కఱ్ఱ పోటువేసికొనుచు చూడవచ్చి గట్టుమీద కూర్చుండెను. క్రొత్త పెట్రోలు పోసి, గొట్టము తగిలించి, త్రాడు నాచేతికిచ్చి తాత ప్రక్కకు తొలగెను. మొదటిమారు లాగితిని, పలుకలేదు. నాకు చెమటలు పట్టినవి. రెండవమారు లాగగానే ఇంజను మ్రోగెను. తాత చెవి యొగ్గి కొంతసేపు విని తల యూచెను.

“బాగా నిద్రపోయిందండీ మాస్టారూ” అనెను.